6.5 క్రీడ్‌మోర్: కాగితం మీద అదరగొట్టే బుల్లెట్ జింకకి పనికొస్తుందా?

#1 చైతన్య_డాలస్ | అక్టోబర్ 6

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే, రాయడం ఇదే మొదలు.

రెండేళ్ళుగా రేంజ్‌కి వెళ్ళి కాగితాలకి చిల్లులు పెడుతున్నాను. ఈసారి ఆఫీసు మిత్రుడొకాయన టెక్సస్‌లోని లానో దగ్గర తన డియర్ లీజుకి (జింక వేటకని కౌలుకి తీసుకున్న స్థలం) రమ్మన్నాడు. హంటర్ ఎడ్యుకేషన్ పూర్తయింది, లైసెన్సు కూడా కొన్నాను. నవంబర్ మొదటి శనివారం సీజన్ మొదలు.

రైఫిల్ 6.5 క్రీడ్‌మోర్, 24 అంగుళాల బ్యారెల్, 1:8 ట్విస్ట్, అంటే లోపల బుల్లెట్ ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుంది. ఇంట్లో రెండు రకాల తూటాల డబ్బాలున్నాయి (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత). ఒకటి హార్నడీ 140 గ్రెయిన్ల ఈఎల్‌డీ మ్యాచ్, రెండోది అదే కంపెనీవాళ్ళ 143 గ్రెయిన్ల ఈఎల్‌డీ-ఎక్స్. నిన్న 100 గజాల్లో మూడేసి కాల్చాను. మ్యాచ్ 0.6 అంగుళంలో పడ్డాయి. వేటకని అమ్మే ఎక్స్ ఏమో 1.3. రెండింటికీ మొన ఎరుపే. టేబుల్ మీద పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియలేదు.

నా ప్రశ్న ఒక్కటే. గురి బాగా కుదిరిన బుల్లెట్‌తోనే జింకని కొడితే తప్పేంటి?

#2 రామారావు_శాన్ఆంటోనియో | అక్టోబర్ 7

చైతన్యా, ముందొక చిన్న దిద్దుబాటు, ఏమీ అనుకోకు. మనవాళ్ళు మొత్తం తూటాని బుల్లెట్ అంటారు. ఇక్కడ మాట్లాడుకునే బుల్లెట్ అంటే తూటా ముందు కూర్చున్న ఆ గుండు మాత్రమే. ఇత్తడి గొట్టం, మందు, ప్రైమర్ అన్నీ వేరు. నీ రెండు డబ్బాల్లో అసలు తేడా ఉన్నది ఆ గుండులోనే, అదీ లోపల.

పోయినేడాది రెండు గుళ్ళు తూటాలోంచి బయటికి లాగి, వైస్‌లో బిగించి, హ్యాక్సా బ్లేడుతో నిలువునా కోసి ఆకురాయితో నున్నగా చేశాను. మ్యాచ్ గుండులో రాగి జాకెట్ పల్చన, ముక్కు కింద ఖాళీ, తర్వాత సీసం. సీసాన్ని జాకెట్‌కి పట్టి ఉంచే ఏర్పాటేమీ లేదు. ఎక్స్‌లో జాకెట్ ముందు పల్చగా మొదలై వెనక్కి పోయేకొద్దీ మందమవుతుంది, మధ్యలో లోపలికి ఒక గట్టు ఉంటుంది. దాన్ని ఇంటర్‌లాక్ రింగ్ అంటారు. గుండు తగిలి విచ్చుకున్నప్పుడు సీసం ఆ గట్టు దగ్గర ఆగాలని వాళ్ళ ఆలోచన.

కాగితానికి తగిలాక మ్యాచ్ గుండు ఏమైపోయినా నీకు అనవసరం. జింక విషయంలో అసలు కథ తగిలాకే మొదలవుతుంది.

#3 కిరణ్_వెయ్యిగజాలు | అక్టోబర్ 7

రామారావు గారూ, కోసి చూడటం బాగుంది కానీ మీరు మ్యాచ్ గుళ్ళని మరీ తీసిపారేస్తున్నారు. పశ్చిమ రాష్ట్రాల్లో 147 గ్రెయిన్ల ఈఎల్‌డీ మ్యాచ్‌తో ఎల్క్ అనే పెద్ద జింకల్ని కొట్టేవాళ్ళు నాకు తెలుసు. నేనే ఆరు జింకల్ని 140 మ్యాచ్‌తో కొట్టాను, ఒక్కటీ యాభై గజాలు దాటి పరిగెత్తలేదు.

చైతన్యా, ఇంకో మాట. 140 మ్యాచ్ డబ్బా మీద బీసీ (గాలిని చీల్చుకుని వెళ్ళే సామర్థ్యపు అంకె) 0.646 అని చూసి ఉంటావు. అది జీ1 లెక్క, చదును వెనక ఉన్న పాతకాలపు గుండుని కొలమానంగా పెట్టుకున్నది. అదే బుల్లెట్‌కి జీ7 లెక్కలో 0.326, అంటే వెనక సన్నబడే పొడుగాటి గుండుతో పోల్చినప్పుడు. మన గుళ్ళకి సరిపోయేది జీ7. డబ్బా మీద పెద్ద అంకె కనిపిస్తే అమ్ముడవుతుంది కాబట్టి జీ1 వేస్తారు, అంతే. నీ 143 ఎక్స్‌కి జీ7 0.315. అంటే గాల్లో ఈ రెండూ అన్నదమ్ములే.

#4 రామారావు_శాన్ఆంటోనియో | అక్టోబర్ 7

కిరణ్, నీ ఆరూ ఎక్కడ తగిలాయి?

#5 కిరణ్_వెయ్యిగజాలు | అక్టోబర్ 7

అన్నీ పక్కటెముకల మధ్య, ఊపిరితిత్తుల్లో. పక్కకి తిరిగి నిలబడితే తప్ప నేను ట్రిగ్గర్ ముట్టుకోను.

#6 రామారావు_శాన్ఆంటోనియో | అక్టోబర్ 7

నేనూ అదే చెప్పబోతున్నాను. ఊపిరితిత్తుల్లో తగిలితే ఏ గుండైనా పని చేస్తుంది. గుండు నాణ్యత బయటపడేది మనం తప్పు చేసిన రోజున.

2014లో నేను చేశాను ఆ తప్పు. .308లో 168 గ్రెయిన్ల సియెర్రా మ్యాచ్‌కింగ్. ఆ రైఫిల్‌కి అదంటే ప్రాణం, నీ 0.6 లాగే అర అంగుళంలో పెట్టేది. సాయంత్రం ఆరు కావస్తోంది, ఆడజింక, 120 గజాలు. నేను నొక్కే క్షణానికి అది ఒక అడుగు ముందుకేసింది. గుండు ముందు భుజం ఎముక మీద పడింది. కూలింది, లేచింది, సీడర్ చెట్లలోకి పోయింది. టార్చి పట్టుకుని నేనూ మా అబ్బాయీ మూడు గంటలు తిరిగాం. చిట్టి వేలి గోరంత రక్తపు చుక్కలు, అదీ పది పన్నెండు అడుగులకొకటి, తర్వాత అవీ లేవు. పొద్దున నాగజెముడు పొదల వెనక దొరికింది. అప్పటికే కొయోటీలు (నక్కల్లాంటివి) సగం తినేశాయి. భుజం చర్మం కింద అరచేయంత గాయం, ఎముక నుజ్జు, లోపలికి మాత్రం ఒక్క ముక్క వెళ్ళలేదు. గుండు ఎముక మీదే పిండైపోయింది.

మ్యాచ్‌కింగ్ ముక్కుకి చిన్న రంధ్రం ఉంటుంది, చూశావా? దాన్ని చూసి విచ్చుకునే గుండు అనుకున్నాను నేను. కాదు. జాకెట్‌ని వెనక నుంచి సాగదీసి, సీసాన్ని ముందు నుంచి కూరి మూతి బిగిస్తారు. ఆ తయారీలో మిగిలిపోయే సందు అది. వేటకి సిఫారసు చేయబోమని సియెర్రావాళ్ళే అంటారు. చదివే తీరిక నాకు లేకపోయింది.

#7 పాయింట్‌టూటూ_పద్మ | అక్టోబర్ 8

హైదరాబాద్ నుంచి నమస్తే. నేను వేట మనిషిని కాను, 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని) కాలుస్తాను, అందుకని ఎముకల గొడవలోకి రాను. చైతన్య గారి మొదటి పోస్టులో నాకు కనిపించింది వేరే సంగతి.

మూడు గుళ్ళతో 0.6, 1.3 అని తేల్చేశారు. మూడు గుళ్ళు ఏమీ చెప్పవండీ. ఒకే డబ్బాలోంచి మూడేసి చొప్పున పది గ్రూపులు కాల్చి చూడండి, 0.5 వస్తుంది, 1.4 కూడా వస్తుంది. మా .22 వాళ్ళం ఇదే పనిలో జీవితం గడుపుతాం. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర, కానీ లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) నంబర్ మారితే మా బ్యారెల్‌కి పడకపోవచ్చు. అందుకే పెద్ద పోటీల షూటర్లు జర్మనీలో షోనెబెక్‌లోని లాపువా టెస్ట్ రేంజ్‌కి రైఫిల్ మోసుకెళ్ళి మరీ, లాట్ తర్వాత లాట్ కాల్చి ఎంచుకుంటారు. మాకు 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లే, దానికి ఆ పిచ్చి అవసరం. మీ జింక మీద గురి పెట్టే చోటు ఎంత వెడల్పుంటుంది?

ఒక్కో రకం పదేసి కాల్చి మళ్ళీ రాయండి.

#8 కిరణ్_వెయ్యిగజాలు | అక్టోబర్ 8

పద్మ గారు నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. టెక్సస్ హిల్ కంట్రీ జింకలు చిన్నవి, అయినా గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాలు ఉంటుంది. 100 గజాల దగ్గర 1.3 అయితేనేం, 2 అయితేనేం.

పద్మ గారూ, ఒక సందేహం. మీ .22 మ్యాచ్ తూటాలు కావాలనే నెమ్మదిగా చేస్తారంటారు, నిజమేనా?

#9 పాయింట్‌టూటూ_పద్మ | అక్టోబర్ 8

అవును. 40 గ్రెయిన్ల సీసపు గుండు, సెకనుకి సుమారు 1,050 నుంచి 1,080 అడుగులు. శబ్దం వేగం 1,125 దగ్గర కదా, దానికి కిందే మొదలుపెడతారు. పైన మొదలైతే కాగితం చేరేలోపు ఆ గీత దాటి కిందికి దిగాలి, దిగేటప్పుడు గుండు తూలుతుంది.

#10 కిరణ్_వెయ్యిగజాలు | అక్టోబర్ 8

ఆ తూలడం నేను కళ్ళారా చూశాను. కొత్తలో .308 తీసుకుని, రామారావు గారు తిట్టిన అదే 168 మ్యాచ్‌కింగ్‌తో వెయ్యి గజాల మ్యాచ్‌కి వెళ్ళాను. 600 దాకా రాజాలా ఉంది. వెయ్యి దగ్గర పన్నెండు గుళ్ళలో ఏడే టార్గెట్‌కి తగిలాయి. టార్గెట్లు నిలబెట్టే గుంటలోకి దిగి నా కాగితం చూస్తే రెండు చిల్లులు గుండ్రంగా లేవు, తాళంచెవి రంధ్రంలా పొడుగ్గా ఉన్నాయి. గుండు అడ్డంగా తిరిగి తగిలిందన్నమాట.

పక్కన కాలుస్తున్న పెద్దాయన నవ్వి చెప్పాడు. 168 అసలు 300 మీటర్ల పోటీల కోసం పుట్టింది. దాని వెనక భాగం 13 డిగ్రీల కోణంలో చటుక్కున సన్నబడుతుంది, 1,000 గజాల దగ్గరికొచ్చేసరికి వేగం శబ్దం దగ్గరికి పడిపోయి నిలకడ పోతుంది. 175 మ్యాచ్‌కింగ్‌కి ఆ కోణం 9 డిగ్రీలే. అమెరికా సైన్యం స్నైపర్ల ఎం118ఎల్‌ఆర్ తూటాలో ఉండేది ఆ 175. ఏడు గ్రెయిన్ల బరువు తేడా అనుకున్నాను నేను, అసలు తేడా తోకలో ఉంది.

ఆ మర్నాడే 6.5కి మారలేదు గానీ చివరికి మారాను. పక్క నుంచి గంటకి 10 మైళ్ళ గాలి వీస్తే వెయ్యి గజాల దగ్గర 175 గుండు సుమారు తొమ్మిదడుగులు జరుగుతుంది, నా 140 ఆరడుగులకి అటూ ఇటూ. అంటే గాలిని రెండు మైళ్ళు తప్పుగా అంచనా వేసినా 6.5 కొంత మన్నిస్తుంది. బీసీకి నేనిచ్చే విలువ అక్కడ. మేత వేసే ఫీడర్ పక్కన 90 గజాల్లో నిలబడిన జింకకి బీసీతో పనే లేదు, ఒప్పుకుంటున్నాను.

#11 వాసు_శాక్రమెంటో | అక్టోబర్ 9

మీరంతా సీసం దాటి రావడం లేదు. మాకు ఆ అవకాశమే లేదు. 2019 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో దేన్ని వేటాడినా సీసం లేని గుండే వాడాలి. వేటగాళ్ళు వదిలేసిన పేగుల్లోని సీసం ముక్కలు తిని కాండార్ రాబందులు చచ్చిపోతుంటే తెచ్చిన చట్టం అది. మొదట్లో నేనూ తిట్టుకున్నాను.

ఇప్పుడు బార్న్స్ 120 గ్రెయిన్ల టీటీఎస్‌ఎక్స్ వాడుతున్నాను, మొత్తం రాగి. తగిలితే నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, ముక్కలవదు. కొట్టినవాటిలో ఒక్కదాని నుంచే గుండు దొరికింది, మిగతావి అవతల నుంచి బయటికి వెళ్ళిపోయాయి.

లోపాలు కూడా చెప్తాను. రాగి సీసం కంటే తేలిక, అదే బరువుకి గుండు పొడుగవుతుంది, పొడుగు గుండుకి ట్విస్ట్ ఎక్కువ కావాలి. అందుకే 140 వాడేచోట 120 తీసుకుంటాం. పైగా విచ్చుకోవడానికి వేగం కావాలి. దూరం పెరిగి వేగం తగ్గితే పెన్సిల్‌తో పొడిచినట్టు దూరిపోతుంది. నేను 300 గజాలు దాటి కొట్టను.

#12 రామారావు_శాన్ఆంటోనియో | అక్టోబర్ 9

వాసూ, మీ ప్రభుత్వం చెప్పింది కాబట్టి మీకు తప్పదు. టెక్సస్‌లో మాకా కర్మ పట్టలేదు. డబ్బాకి అంత డబ్బు పోసి రాగి ఎందుకయ్యా? అవతల నుంచి బయటికెళ్ళే గుండు కావాలంటే పార్టిషన్ ఉంది. 1946లో జాన్ నోస్లర్ బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే పెద్ద జింకని కొడితే, బురద పట్టిన దాని ఒంటి మీదే గుళ్ళు పేలిపోయి లోపలికి వెళ్ళలేదట. ఇంటికొచ్చి మధ్యలో అడ్డుగోడ ఉన్న గుండు చేశాడు, ముందరి సీసం పోయినా వెనకది దూసుకుపోయేలా. 1948 నుంచి అమ్ముతున్నారు, ఇప్పటికీ అదే గుండు.

#13 వాసు_శాక్రమెంటో | అక్టోబర్ 9

ముందరి సీసం "పోయినా" అన్నారు చూడండి. ఎక్కడికి పోతుంది బాబాయ్? కూరలోకి.

2008లో నార్త్ డకోటాలో పేదల ఫుడ్ ప్యాంట్రీలకి వేటగాళ్ళు దానమిచ్చిన జింక కీమాని ఎక్స్‌రే తీస్తే సీసం రజను కనిపించింది. ఆ మాంసాన్ని పంచొద్దన్నారు. కీమా పట్టిస్తే ఒకచోట ఉన్న ముక్క మొత్తానికీ కలుస్తుంది. మా పాపకి మూడేళ్ళు. నాకు ఇంకో కారణం అక్కర్లేదు.

#14 సతీష్_మెల్బోర్న్ | అక్టోబర్ 10

ఇక్కడ విక్టోరియా కొండల్లో మేం వెళ్ళేది సాంబార్‌కి, అదే మన నల్లమల కణితి. 1860లలో ఓడల్లో తెచ్చి వదిలితే ఇక్కడ తామరతంపరగా పెరిగాయి. పెద్ద పోతు 200 కిలోలు దాటుతుంది. నేను లైసెన్సు తీసుకున్నప్పుడు సాంబార్‌కి కనీసం .270 క్యాలిబర్, 130 గ్రెయిన్లు ఉండాలన్నారు. 6.5 అంటే .264, అంటే మీరంతా పొగుడుతున్న క్రీడ్‌మోర్ ఆ నిబంధన ప్రకారం వెంట్రుకవాసిలో తప్పినట్టే! నాది .308, 180 గ్రెయిన్ల బాండెడ్ (సీసాన్ని జాకెట్‌కి అతికించిన గుండు), నోస్లర్ అక్యుబాండ్. ఫెర్న్ పొదల్లో 60 గజాలకి మించి కనిపించదు, బీసీ మాట ఎవరికీ గుర్తుకు రాదు.

అన్నట్టు 180 గ్రెయిన్లంటే సరిగ్గా పాత తులం, 11.66 గ్రాములు. మా అమ్మకి ఫోన్‌లో "తులం బరువు గుండు అమ్మా" అంటే "రాగీ సీసానికి అంత ఖర్చా" అంది.

#15 పల్నాడు_కుర్రోడు | అక్టోబర్ 10

అన్నలూ, మా మిరప చేలో అడవి పందులు రాత్రికి అరెకరం దున్నేస్తున్నాయి. మా పెదనాన్నకి లైసెన్సు ఉన్న .315 రైఫిల్ ఉంది. దానికి ఏ గుండు మంచిదో చెప్తారా?

#16 మోడరేటర్ | అక్టోబర్ 10

తమ్ముడూ, నష్టం నిజమే, బాధ అర్థమవుతుంది. కానీ 1972 వన్యప్రాణి చట్టం కింద పంటని పాడుచేసే అడవి పందినైనా సెక్షన్ 11 ప్రకారం అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా కొట్టకూడదు. పెదనాన్న గారి లైసెన్సు ఆత్మరక్షణకో పంట రక్షణకో ఇచ్చినదైనా ఇది మారదు. ముందు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అర్జీ పెట్టండి, పంట నష్టం ఫొటోలు తీసి ఉంచండి. గుండు గురించి ఇక్కడ సలహాలు ఇవ్వవద్దని అందరికీ మనవి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం అందులో ఒక మినహాయింపు. టెక్సస్ లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న మీ బీరువాలో రైఫిల్ ఉండి, కొత్త లైసెన్సు లేకపోతే ఏమవుతుందో మీ లాయర్‌ని అడగండి.

#17 చైతన్య_డాలస్ | అక్టోబర్ 19

మోడరేటర్ గారికి దండం. నాది హెచ్1బీయే. ఆగస్టు 31 సంగతి నిజంగా తెలియదు, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను.

పద్మ గారు చెప్పినట్టు పదేసి కాల్చాను. మ్యాచ్ 1.2 అంగుళాలు, ఎక్స్ 1.5. మొన్నటి 0.6 మళ్ళీ రాలేదు! కాస్త సిగ్గేసింది. ఇంకోటి, మ్యాచ్‌తో జీరో చేసిన (గురి సరిచేసిన) స్కోప్‌తోనే ఎక్స్ కాల్చితే గ్రూపు అంగుళంన్నర కిందికి, కొద్దిగా ఎడమకి పడింది. ఎక్స్‌కి మళ్ళీ జీరో చేసుకున్నాను. వేటకి అదే తీసుకెళ్తున్నాను.

#18 కిరణ్_వెయ్యిగజాలు | అక్టోబర్ 19

మంచి నిర్ణయం. నా మ్యాచ్ డబ్బాలు నాకే ఉంచు.

#19 రామారావు_శాన్ఆంటోనియో | అక్టోబర్ 20

ఫీడర్ దగ్గర జింకలు గుంపుగా నిలబడతాయి. నీ జింక వెనక ఇంకోటి లేదని చూసుకునే నొక్కు. గుండు అవతలికి వెళ్తే దాని దారిలో ఏముందో నీ బాధ్యతే. పొద్దున ఫ్లాస్కులో కాఫీ పెట్టుకో, చలికి వేళ్ళు బిగుసుకుపోతాయి.

#20 చైతన్య_డాలస్ | నవంబర్ 10

రిపోర్టు. మొదటి రోజు ఒక బక్ (మగజింక) వచ్చింది, పది నిమిషాలు స్కోప్‌లో చూశాను. వెనక ఆడజింక కదలకుండా నిలబడింది. రామారావు గారి మాట గుర్తొచ్చి నొక్కలేదు. లీజు మిత్రుడు ఇప్పటికీ నవ్వుతున్నాడు.

రెండో రోజు పొద్దున 7:10కి ఆడజింక, రేంజ్‌ఫైండర్‌లో 87 గజాలు. నా చేతులు వణికాయి, నిజం చెప్తున్నాను. గుండు నేననుకున్న దానికంటే నాలుగంగుళాలు ముందుకి, భుజం మీద పడింది. కానీ ఎముక దాటి లోపలికి వెళ్ళింది. నలభై అడుగులు పరిగెత్తి పడిపోయింది. గుండు అవతలి భుజం చర్మం కింద ఉబ్బుగా చేతికి తగిలింది, కత్తి మొనతో తీశాను. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుని ఉంది.

ఇంటికొచ్చి మా ఆవిడ బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టాను. మొదట 9.27 గ్రాములుండాలి, ఇప్పుడు 5.2 ఉంది. పాత తులంలో సగం కూడా లేదు, సతీష్ గారూ.

#21 రామారావు_శాన్ఆంటోనియో | నవంబర్ 10

శభాష్! ఎముక మీద పడి కూడా అవతలికి చేరింది చూశావా? 2014లో నా చేతిలో ఈ గుండు ఉంటే ఆ రాత్రి మావాడూ నేనూ ఇంట్లో పడుకునేవాళ్ళం.

#22 వాసు_శాక్రమెంటో | నవంబర్ 10

అభినందనలు చైతన్యా. మిగతా నాలుగు గ్రాములు ఎక్కడున్నాయి?

#23 చైతన్య_డాలస్ | నవంబర్ 11

మీరు అడుగుతారని తెలుసు. రెండు భుజాలూ, గాయం చుట్టూ జానెడు మాంసం కోసి పారేశాను. వెనక కాళ్ళూ, నడుము మాంసం మాత్రం వేపుడు చేసుకున్నాం. మెడ మాంసం కీమా పట్టిద్దామని ఫ్రీజర్‌లో పెట్టాను కానీ మీ పోస్టు మా ఆవిడకి చూపించడం పొరపాటైంది. అది అక్కడే ఉంది.

#24 రామారావు_శాన్ఆంటోనియో | నవంబర్ 13

వాసూ, ఆ 120 రాగివి .308లో కూడా దొరుకుతాయా, బరువు మారుతుందా? పై నెల మనవరాలు వస్తోంది. ఊరికే అడుగుతున్నా.